బావ పక్కన చోటు

సుంగై సుమున్,
2025 జూన్ 2

శాంతకి అన్నయ్య దీవెనలు.

ఇక్కడ వాన లేదు, నా మోకాలి నొప్పి ఉంది, మీ వదిన నోరు ఎప్పటిలాగే ఉంది. ఏప్రిల్‌లో అమ్మవారి పండగనాడు మనిద్దరం ఫోన్లో అరుచుకున్నాక నేను మళ్ళీ చెయ్యలేదు, నువ్వూ చెయ్యలేదు. నిన్న దేవకి అంది: "మీ అన్నాసెల్లెళ్ళు అరుసుకోడం ఎలాగూ మానరు. ఫోన్లో అరిస్తే ఈదంతా ఇంటాది. కాయితం మీద అరుసుకోండి." అందుకని కాగితం తీశాను. నాన్న నేర్పిన అక్షరాలకి ఇలాగైనా పని తగిలింది.

అసలు సంగతికి వస్తాను. మన మరిడమ్మ తల్లి గుడికి కొత్త రూల్సు రాసి సంఘాల రిజిస్ట్రారుకి పంపాలి. అధ్యక్షుణ్ణి కదా, నా నెత్తిన పడింది. పాత రూల్సు పుస్తకం నాన్న కాలం నాటిది, సగం చెదలు తినేశాయి. అప్పుడు ఈ రబ్బరు తోటలో తెలుగువాళ్ళవి నూట అరవై ఇళ్ళు. ఇప్పుడు నలభై నాలుగు. రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది, పిల్లలు షా ఆలం ఫ్యాక్టరీలకి పోయారు. గుడీ, గుడి వెనక మన శ్మశానమూ మిగిలాయి. వాటినైనా కట్టుదిట్టంగా ఉంచాలని నా తాపత్రయం.

నువ్వు కాలేజీలో అమెరికా చరిత్ర చెప్తావు కదా. అక్కడ మొదట దిగినవాళ్ళు కూడా మన తాతల్లాగే ఓడ దిగి, ఊరి నడుమ గుడి కట్టుకున్నారని ఒకసారి అన్నావు. గుడికి ఎవరు సభ్యులు, ఎవరు కారు అన్నది వాళ్ళెలా తేల్చుకున్నారు? తెలుగులో రాయి. నాకు అర్థమయ్యేట్టు రాయి.

అక్క సంగతి మాత్రం అడగొద్దు. ఆవిడ చర్చిలో కలిసిన దగ్గర్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవని నీకు తెలుసు.

అన్నయ్య,
కాంతయ్య


కౌలాలంపూర్,
జూన్ 9

అన్నయ్యా,

కాగితం మీద అరవడం నాకు బాగా వచ్చని వదినకి చెప్పు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల పరీక్ష పేపర్ల మీద ఎర్ర సిరాతో అరుస్తూనే ఉన్నాను. నువ్వు చరిత్ర అడగడమే నాకు పండగ. కోపం కూడా మర్చిపోయాను చూడు.

1630లో ఇంగ్లండు నుంచి వెయ్యి మంది దాకా ఓడల్లో మసాచుసెట్స్ తీరానికి వచ్చారు. వాళ్ళని ప్యూరిటన్లు అంటారు. రాజుగారి చర్చితోనూ బిషప్పుల పెత్తనంతోనూ పడక, తమ పద్ధతిలో దేవుణ్ణి కొలుచుకుందామని సముద్రం దాటారు. వచ్చిన మరుసటి ఏడే రూలు పెట్టుకున్నారు: చర్చి సభ్యుడైన మగవాడికే ఓటు. సభ్యత్వం అడిగితే ఇచ్చేసేది కాదు. పదిమంది ముందు నిలబడి, దేవుడు తన మనసులోకి ఎలా వచ్చాడో చెప్పి ఒప్పించాలి. ప్రార్థనకి రానివాడికి జరిమానా. వేరే మాట బోధించినవాణ్ణి ఊరు దాటించేవారు. చుట్టూ తెలియని అడవి, వెనక సముద్రం. అంతా ఒక్క కట్టు మీద ఉంటేనే బతుకుతామని నమ్మారు. మా పిల్లలు మొదటి వారం ఇది విని, "భలే పద్ధతి మేడమ్" అంటారు.

ఇక ఇంటి సంగతులు. నూట పది పేపర్లు దిద్దాలి, కాబట్టి మిగతా సగం వచ్చే ఉత్తరంలో. అసలు కథ ఆ సగంలోనే ఉంది. నువ్వు అడగొద్దన్నావు గాని నేను అడుగుతాను: వసంతి ఫోన్ చేసింది, అక్కకి కడుపునొప్పి తగ్గడం లేదట. మేనకోడలు ఒక్కతే అవస్థ పడుతోంది. నీ ఇంటికి రెండు కిలోమీటర్లు. ఒకసారి వెళ్ళి చూడు, నీ కాళ్ళేం అరిగిపోవు.

నీ చెల్లెలు,
శాంత


సుంగై సుమున్,
జూన్ 16

శాంతకి,

శభాష్! నిన్నటి మీటింగులో నువ్వు లేవు గాని అంతా నీ పేరే.

మన తోటలో ఉత్తరం అంటే ఒకరి సొత్తు కాదు కదా. నాన్న ఒక్కడికే చదువొచ్చిన రోజుల్లో ఏ ఇంటికి ఏ కాగితం వచ్చినా ఆదివారం మంటపంలో నిలబడి గట్టిగా చదివేవాడు. నిన్న నేనూ అలాగే నీ ఉత్తరం చదివాను. ఓడలు, అడవి, ఒక్క కట్టు, అన్నీ. ఆఖరున ఇంటి సంగతులు వదిలేశాను. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. కమిటీ మెంబరు శ్రీకుమార్ లేచి, "అంత పెద్ద దేశవే అలాగ మొదలైందంటే మనకేటి సిగ్గు? మేడమే సెప్పినాక ఇంకేటి మాట్లాడతాం" అన్నాడు. నేను రాసుకెళ్ళిన మూడు రూల్సూ ముప్పై ఆరు చేతులతో పాసయ్యాయి.

ఒకటి, అమ్మవారిని తప్ప వేరే దేవుణ్ణి కొలవని ఇళ్ళే సభ్యులు. రెండు, ఓటు సభ్యులకే. మూడు, శ్మశానంలో చోటు సభ్యులకే. అధ్యక్షుడి సంతకం ఉన్న కాగితం చూపిస్తేనే గుంట తవ్వుతారు. మీటింగు పుస్తకంలో "శాంతాదేవి గారి సలహా మీద" అని రాయించాను.

చర్చికి పోతున్న మూడిళ్ళకీ సభ్యత్వం పోయింది. మణియం వాళ్ళది, పువనేశన్‌ది, అక్కది. అక్క వెనక వరసలో వసంతిని పట్టుకుని కూర్చుంది. ఎందుకొచ్చిందో తెలీదు. నేను చదువుతుండగానే లేచి వెళ్ళిపోయింది. ఆవిడ ఎంచుకున్న దారి ఆవిడది, నేనేం చెయ్యను?

మిగతా సగం తీరిగ్గా రాయి, తొందరేం లేదు.

అన్నయ్య


కౌలాలంపూర్,
జూన్ 18

కాంతయ్య గారికి,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీకసలు బుద్ధుందా? సగం ఉత్తరం పట్టుకెళ్ళి ఊరందరి ముందు చదువుతావా? మిగతా సగంలోనే అసలు కథ ఉందని రాశాను కదా, ఆ లైను కళ్ళకి కనిపించలేదా? ఇదిగో తీసుకో.

ఆ మసాచుసెట్స్‌లోనే రోజర్ విలియమ్స్ అనే బోధకుడు ఉండేవాడు. భక్తిలో వాళ్ళకి తీసిపోయినవాడు కాడు. మనిషి మనసులోకి సర్కారు దూరకూడదు, బలవంతాన చేయించిన ప్రార్థన దేవుడికే అవమానం అన్నాడు. పొమ్మన్నారు. 1636 జనవరిలో, జబ్బు ఒంటితో, మంచులో నడుచుకుంటూ పోయాడు. అన్నం పెట్టి కాపాడింది ఏ చర్చికీ చెందని అక్కడి ఆదివాసులు. వాళ్ళ దగ్గర తీసుకున్న నేల మీద ఊరు పెట్టి, ఇక్కడ ఎవరి దేవుడు వాళ్ళకి అన్నాడు. మేరీ డయ్యర్ అనే ఆవిడ క్వేకర్లు అనే మరో క్రైస్తవ శాఖలో కలిసింది. బోస్టన్‌లో అడుగు పెట్టొద్దన్నా పెట్టింది. 1660లో ఉరి తీశారు. తమ దేవుణ్ణి తాము కొలుచుకోవాలని సముద్రం దాటి వచ్చినవాళ్ళు, ముప్పై ఏళ్ళు తిరిగేసరికి చేసిన పని ఇది. రెండో వారం మా పిల్లలెవరూ "భలే" అనరు.

ఇప్పుడు అక్క సంగతి. నువ్వు అడగొద్దన్నది. అక్కకి పేగులో క్యాన్సర్. కాలేయానికి పాకింది. ఆగస్టు దాకా ఉండకపోవచ్చని తెలుక్ ఇంతాన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ వసంతికి చెప్పింది. నీకు చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది. ఆ ఒట్టు నేను తీసి గట్టున పెట్టాను.

పధ్నాలుగేళ్ళ కిందట బావని పూడ్చినప్పుడు, పక్కన ఆయన భార్యకి చోటు వదిలి హద్దు రాళ్ళు పాతింది ఎవరు? నువ్వు. మొగుడి ఎడమ పక్క పెళ్ళానిదని మన తోట ఆచారం, దాన్ని ఇంకెవరూ తాకరు. ఆ చోటు మీదే అక్క ప్రాణం పెట్టుకుని ఉంది. దాన్ని నువ్వు లాగేశావు. నా పేరు చెప్పి లాగేశావు! అక్క నా ఫోన్ ఎత్తడం లేదు. "శాంతే రాసిందట గదా" అని ఒక్క మాటని గోడవైపు తిరిగి పడుకుందట.

ఈ ఉత్తరం కూడా మంటపంలో చదువు. నువ్వు నాన్న కొడుకువే అయితే చదువు.

శాంతాదేవి


సుంగై సుమున్,
జూన్ 23

మేడమ్ గారికి,

అక్క జబ్బు రాసిన చోట ఆగిపోయాను. మూడు రోజులు ఆ పేజీ తిప్పలేదు. దేవకి అన్నం పెడితే కలిపి వదిలేస్తున్నాను. మొహం మీద ఎవరో నీళ్ళు కొట్టినట్టుంది. ఇంత జబ్బు నా ఒక్కడికే తెలీదా? ఆఖరికి పువనేశన్‌కి కూడా తెలుసట.

అయినా రూలు గురించి నా మాట విను. నీ ప్యూరిటన్లకి కోర్టు వాళ్ళదే, తుపాకీ వాళ్ళదే, ఊరు వాళ్ళదే. మంచులోకి తరిమే బలం ఉంది కాబట్టి తరిమారు. మేమెంత? నలభై నాలుగు ఇళ్ళు. మన పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి రాదు. ఏడాదికో ఇల్లు అటో ఇటో జారిపోతోంది. ఈ దేశంలో మనిషి పోతే ఏ మతం పద్ధతిలో సాగనంపాలని కోర్టుకెక్కిన కథలు నువ్వూ పేపర్లో చదివావు. రేపు మన శ్మశానంలో అలాంటి తగువొస్తే నిలబడేది ఎవరు? నువ్వా, పద్దెనిమిదో అంతస్తులోంచి దిగొచ్చి? ఆ దేశంలోనే తర్వాత స్వేచ్ఛ అని రాసుకున్న పెద్దమనుషుల ఇళ్ళలో బానిసలు ఉన్నారని నువ్వే ఒకసారి చెప్పావు. వాళ్ళ దగ్గర నేను పాఠం నేర్చుకోవాలా?

ఇంకోటి. ఆరేళ్ళ కిందటి పండగ నువ్వు చూడలేదు. ఓడలో అమ్మవారిని తెచ్చింది మన ముత్తవ్వ. అందుకని మన ఇంటి పెద్దకూతురు ఎత్తితే గాని ఘటం గుడి దాటదు. నలభై ఏళ్ళు అక్కే ఎత్తింది, అమ్మవారి పేరే పెట్టుకున్న మనిషి. ఆ రోజు రాలేదు. పసుపు రాసిన ఘటం ముందు పెట్టుకుని రెండు గంటలు ఎండలో కూర్చున్నాను. డప్పులవాళ్ళు డప్పులు కింద పెట్టేశారు. అప్పుడొచ్చి శ్రీకుమార్ చెవిలో చెప్పాడు, "మీ యక్క సర్చిలో కలిసిపోనాది గదా, నీకు తెల్దేటి?" అని. తమ్ముణ్ణి కదా నేను! ఒక్క మాట నాకు చెప్పకూడదా?

నీ ఉత్తరం బీరువాలో పెట్టాను. చదవను.

కాంతయ్య


కౌలాలంపూర్,
జూన్ 30

అన్నయ్యా,

శనివారం అక్కని చూడ్డానికి వచ్చాను. మీ వీధి చివర్నుంచే కారు తిప్పుకుని వెళ్ళిపోయాను. కావాలనే.

నన్ను చూసి మళ్ళీ గోడవైపు తిరిగింది. నేను రెండో ఉత్తరం నకలు తీసి మంచం పక్కన కూర్చుని చదివాను. అంతా విని, "ఐతే ఆడు సగవే సదివినాడన్నమాట" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఎంత చిన్నదైపోయిందో తెలుసా మన అక్క? ఒళ్ళంతా కలిపి ఒక దుప్పటి మడతంత ఉంది.

నీ ఘటం సంగతి అడిగాను. ఆవిడ అన్నదే రాస్తున్నాను, ఒక్క ముక్క కలపలేదు. "వసంతికి డెంగీ వచ్చి సావుబతుకుల్లో ఉంటే మూడు వారాలు ఆ సర్చి ఆడోళ్ళే ఆసుపత్రిలో కూకున్నారు. ఆళ్ళ దేవుడు నా మనసులో కొచ్చినాడు, నేనేటి సెయ్యను? నమ్మకం నేకుండా అమ్మోరి ఘటం ఎత్తితే మోసం కాదేటి? తమ్ముడి కాడ నటిస్తాను గాని అమ్మోరి కాడ నటించగలనేటి?"

ఇంకా ఉంది. "పండగ ముందురోజు సందేళ వసంతిని పంపినాను. ఏరే ఎవరి సేతైనా ఎత్తించమని దేవకితో సెప్పింది. ఆడికి తెలుసుననే అనుకున్నాను ఇన్నాళ్ళూ. తెలిసీ పది మందిలో నా మీద పగబట్టినాడనుకున్నాను." వదినని అడుగు. మెల్లిగా అడుగు.

ఆ ఆదివారం మీటింగుకి ఎందుకొచ్చిందో తెలుసా? తన జబ్బు సంగతి నీకు తనే చెప్దామని వచ్చింది. ఆ సమయానికి నువ్వు నా ఉత్తరం చదువుతున్నావు.

చర్చివాళ్ళు తెలుక్ ఇంతాన్‌లో తమ శ్మశానంలో చోటిస్తామన్నారు. అక్కకి బావ పక్కనే కావాలి. కానీ నిన్ను అడగొద్దంది. నేను అడుగుతున్నాను.

శాంత


సుంగై సుమున్,
జూలై 6, పొద్దున్న

శాంతకి,

దేవకిని అడిగాను. మెల్లిగానే అడిగాను. పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది. "తెల్లారేసరికి మనసు మార్సుకుని వొచ్చీసిద్దనుకున్నాను. మీకు సెప్తే పండగ ఆపీసి గొడవకెళ్తారని బయపడ్డాను. తరవాత సెప్పడానికి నోరు రానేదు." ఆరేళ్ళు! ఎవరి మీద కోప్పడాలో తెలీక పెరట్లోకి పోయి కూర్చున్నాను.

సరే, పని అయింది. రూలు మార్చాలంటే పెద్ద మీటింగు పెట్టాలి, పధ్నాలుగు రోజుల నోటీసు, మూడింట రెండొంతుల ఓట్లు. అంత టైము లేదు. కానీ ప్రత్యేక అనుమతి ఇచ్చే అధికారం కమిటీకి ఉంది. తొమ్మిది మందిమి నిన్న కూర్చున్నాం. శ్రీకుమార్ కస్సుమన్నాడు. బతిమాలాను శాంతా, నా జన్మలో ఎవర్నీ అలా బతిమాలలేదు. ఆరుగురు ఒప్పుకున్నారు. అధ్యక్షుడి అక్కగారన్న గౌరవం మీద మరిడమ్మ గారికి ఆమె భర్త పక్కన చోటు. సంతకం పెట్టి ముద్ర వేశాను. ఇప్పుడే పట్టుకెళ్తున్నాను. ఆరేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కుతాను.

సాయంత్రం

పై ముక్క చింపేద్దామనుకున్నాను. ఉండనీ, నువ్వూ చదువు నా ముచ్చట.

అక్క నన్ను చూసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాగితం చేతికిచ్చాను. వసంతి చేత రెండుసార్లు చదివించుకుంది. "మణియం తల్లికి ఇచ్చినావేటి?" అంది. లేదన్నాను. "పువనేశన్‌కి?" లేదన్నాను, వాళ్ళ సంగతి వేరు, నువ్వు నా అక్కవి అన్నాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టేసింది. "ఐతే ఇది నీకిచ్చిన మర్యాదరా తమ్ముడా. మణియం తల్లీ నేనూ ఒకే బెంచీ మీద కూకుంటాం. రేపు దాన్ని మొగుడి పక్కన పెట్టనియ్యకపోతే, నేనక్కడ ఎలాగ తొంగుంటాను? అందరికీ ఇస్తే ఇయ్యి. నేకపోతే నాకొద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చావబోతూ కూడా ఈ పంతం ఏమిటి? కాఫీ కూడా ముట్టకుండా లేచి వచ్చేశాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నన్ను కోతినాడించినట్టు ఆడిస్తున్నారు. ఇది నువ్వు నేర్పిన మాటే అయ్యుంటుంది.

కాంతయ్య


కౌలాలంపూర్,
జూలై 8

అన్నయ్యా,

నేను నేర్పలేదు. నీ ఉత్తరం కంటే ముందే వసంతి ఫోన్ చేసింది. నేను అక్కతో ఏమన్నానో తెలుసా? "తీసుకో అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఆ కాగితం తీసుకో" అన్నాను. ఇరవై రెండేళ్ళు ఈ పాఠం చెప్పినదాన్ని, మన ఇంటిదాకా వచ్చేసరికి అలా అన్నాను. అక్క వినలేదు.

ఏ పాఠమంటావా? వర్జీనియాలో సర్కారు చర్చి ఒకటి ఉండేది. దాని లైసెన్సు లేకుండా బోధించారని బాప్టిస్టు బోధకుల్ని జైల్లో పెట్టేవారు. వాళ్ళు జైలు కిటికీ ఊచల్లోంచే బోధించేవారు, జనం బయట నిలబడి వినేవారు. 1776లో హక్కుల పత్రం రాసేటప్పుడు పెద్దవాళ్ళు "ఇతర మతాలవాళ్ళని సహిస్తాం" అన్న అర్థంలో ఒక మాట పెట్టారు. మేడిసన్ అనే పాతికేళ్ళవాడు ఒప్పుకోలేదు. సహించడమంటే ఒకడు దయతలిచి ఇచ్చేది, రేపు కోపమొస్తే తీసేసుకునేది. అందరికీ సమానంగా హక్కు అని రాయండి అన్నాడు. అలాగే రాశారు. వాళ్ళ ఇళ్ళలో బానిసలున్న మాట నిజమే, ఆ మాట నేను క్లాసులో దాచను. రాసినవాళ్ళు ఆ మాటకి తగ్గట్టు బతకలేదు. అందుకని మాట అబద్ధమైపోదు.

అన్నయ్యా, నోటీసు పెట్టు. మూడిళ్ళకీ కలిపి పెట్టు. పధ్నాలుగు రోజులు అక్క ఉంటుందో లేదో నాకు భయంగానే ఉంది. అయినా పెట్టు.

శాంత


సుంగై సుమున్,
జూలై 14

శాంతకి,

నిన్న గుడి బోర్డు మీద నోటీసు అంటించాను. 27వ తారీకు ఆదివారం. సభ్యుల ఇళ్ళు నలభై ఒకటి, ఇరవై ఎనిమిది చేతులు కావాలి. శ్రీకుమార్ ఇల్లిల్లూ తిరిగి నాకు పిచ్చెక్కిందని చెప్తున్నాడు. నేనూ తిరుగుతున్నాను, మోకాలికి నూనె రాసుకుని.

రోజూ సాయంత్రం అక్క ఇంటికి పోతున్నాను. అక్క లోపల మంచం మీద, నేను బయట బెంచీ మీద. వసంతి కాఫీ ఇస్తుంది. నిన్న అక్క లోపల్నించి, "కాంతా, మోకాలెలాగున్నాది?" అంది. బాగానే ఉందక్కా అన్నాను.

ఒక మాట ముందే చెప్తున్నాను. ఆ అనుమతి కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. ఈలోగా ఏదైనా అయితే దాన్ని వాడతాను. అక్క మాటా వినను, నీ మాటా వినను. బావ పక్కన అక్కని నేనే పెడతాను.

అన్నయ్య


కౌలాలంపూర్,
జూలై 25

అన్నయ్యా,

నాలుగు రోజులైంది. ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టుంది నాకు.

సోమవారం పొద్దున్న నేను వచ్చేసరికి అక్క పోయి గంటైంది. నువ్వు జేబులోంచి కాగితం తీసి, "గుంట తవ్వమని సెప్పండి" అన్నావు. నీ మొహం చూస్తే నాన్న మొహంలా ఉంది. పాస్టరు గారు పక్కకి జరిగారు. వసంతి నీ వైపే చూస్తోంది, తనకీ అదే కావాలి. నేనే లాక్కున్నాను. "పిన్నీ, వద్దు" అని వసంతి నా చెయ్యి పట్టుకుంటున్నా వినకుండా, నీ సంతకం ఉన్న కాగితం అక్క ముందే నాలుగు ముక్కలు చేశాను. నువ్వు నా మీద చెయ్యెత్తావు. మళ్ళీ దించేశావు. కొట్టినా బాగుండేది.

అక్క వద్దంది కాబట్టి చింపాను. ఆ రోజు నాకు అంతే తెలిసింది. కానీ తెలుక్ ఇంతాన్‌లో ఎవరో తెలియని మనుషుల మధ్య అక్కని పెట్టి వచ్చాక నిద్ర పట్టడం లేదు. బావ ఇక్కడ, అక్క అక్కడ. ఇద్దరి మధ్యా అంత దూరం పెట్టింది నువ్వా, నేనా? రూలు నీది, కాగితం చింపిన చెయ్యి నాది.

ఆదివారం మీటింగుకి నేను రాను. వస్తే బయటి మనిషి వచ్చి పెత్తనం చేసిందంటారు. అదీగాక మంటపంలోంచి బావ సమాధి కనిపిస్తుంది.

నేను తప్పు చేశానా? తిట్టాలనుంటే తిట్టు. ఏదో ఒకటి రాయి, ఊరుకోకు.

శాంత


సుంగై సుమున్,
ఆగస్టు 11

శాంతకి,

నువ్వు తప్పు చెయ్యలేదు. ఈ ఒక్క లైను రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. రోజూ కాగితం తీసి నీ పేరు రాసి మూసేస్తున్నాను. ఆ రోజు చెయ్యెత్తినందుకు నన్ను క్షమించు. నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. తెలుక్ ఇంతాన్ వైపు పోయే బస్సు చూస్తే చాలు, మళ్ళీ వస్తుంది.

మీటింగు సంగతి విను. బీరువాలోంచి నీ రెండో ఉత్తరం తీసుకెళ్ళాను. చదివే ముందు చెప్పాను: "జూన్‌లో నేను సదివింది సగవే. మా సెల్లెలు మిగతా సగం మూడ్రోజులకే పంపింది. నేనే దాసినాను. మా యక్క సచ్చిపోయినదాకా బీరువాలోంచి తియ్యినేదు." తర్వాత చదివాను. మంచులో నడిచినాయన, ఉరి తీసిన ఆవిడ, అన్నీ. అక్క జబ్బు సంగతి కూడా ఈసారి వదల్లేదు. మధ్యలో దేవకి వచ్చి పక్కన నిలబడింది. "ఆరేళ్ళ కిందట ఘటం కబురు నాకు సెప్పింది వసంతి. నేనే నొక్కీసినాను" అని అందరి ముందూ తనే అంది.

శ్రీకుమార్ లేచాడు. "మీ యింట్లో సావొచ్చిందని రూలు మార్సీడవేనా? రేపు గుడి కాళీ అయిపోతే ఎవులు జవాబు?" అన్నాడు. వాడి భయం అబద్ధం కాదు శాంతా, నాకూ ఉంది. గుడి సభ్యత్వం ఎలా ఉందో అలాగే ఉండనీ, మట్టి దగ్గర మాత్రం తేడా వద్దు, ఇక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు మనిషి ఎవరైనా సరే తన వాళ్ళ పక్కన పడుకోవచ్చు అని రాద్దాం అన్నాను. చేతులు లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిది.

అక్క పోయిన ఆరో రోజు.

మొన్న శుక్రవారం మణియం తల్లి పోయింది. ఎనభై మూడేళ్ళ మనిషి, నిద్రలోనే పోయింది. మణియం మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "అన్నా, రూలు మారింది గదా. మా నాన్న పక్కన పెడతాం. సంతకం ఎట్టండి" అన్నాడు. లోపలికి రమ్మన్నాను, కుర్చీ వేశాను. కొత్త కాగితం తీసి తారీకు రాశాను. చనిపోయినవారి పేరు అన్న చోట నా చెయ్యి నన్నడక్కుండానే 'మరిడమ్మ' అని రాసేసింది.

మణియం చూశాడు. తల దించుకుని, "నిదానంగా రాయండన్నా, తొందరేటి నేదు" అన్నాడు.

ఇంకో కాగితం తీసి వాళ్ళమ్మ పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. శ్మశానానికి వెళ్ళాను, మట్టి వేశాను, చర్చివాళ్ళు పాడుతుంటే చెప్పులు విప్పి నిలబడ్డాను. ఇంటికొచ్చేసరికి ఆ మొదటి కాగితం బల్ల మీదే ఉంది. సంతకం లేదు, ముద్ర లేదు, అక్క పేరొక్కటే ఉంది. దేవకి తీయబోతే తియ్యనివ్వలేదు. జూన్‌లోనే రూలు సరిగ్గా రాసుంటే, అక్క పోయిన రోజు రాయాల్సిన కాగితం అది. దాని ముందు కూర్చుని ఏడ్చాను శాంతా, చిన్నపిల్లాడిలాగ ఏడ్చాను.

నీ అన్నయ్య,
కాంతయ్య